సంతోషం పుస్తకాలు ఎందుకు నిరాశపరుస్తున్నాయి?



ధర్మపురి ప్రాంతంలోని ఒక సంఘంలో యౌవనస్థుల కూడిక ముగిసిన తరువాత ఒక తమ్ముడు మా దగ్గరకు వచ్చి, సంచిలోంచి నాలుగు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాడు. అన్నీ సంతోషంగా ఉండటం ఎలా, అనుకున్నది సాధించడం ఎలా అని నేర్పే పుస్తకాలే. రెండు తెలుగులో రాసినవి, రెండు ఇంగ్లిష్ నుంచి అనువాదమైనవి. పేజీల నిండా పెన్సిల్ గీతలు ఉన్నాయి. ఒక పుస్తకం అట్ట లోపల రోజూ ఉదయం పైకి చెప్పుకోవలసిన వాక్యాలు తన చేతిరాతతో రాసుకున్నాడు. "ఇవి మీరే ఉంచుకోండి అయ్యగారూ. అన్ని చదివిన, చెప్పినట్టే చేసిన. అయినా ఏం కాలే. నేనే సరిగ్గ నమ్మలేదేమో" అన్నాడు.

ఆ చివరి మాట మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. పుస్తకం పని చేయకపోతే తప్పు పుస్తకానిది కావచ్చునన్న ఆలోచన ఆ బిడ్డకు రాలేదు. తన నమ్మకంలోనే లోటు ఉందనుకున్నాడు. ఇలాంటి మాట మేము విన్నది అతని దగ్గర మాత్రమే కాదు. అందుకే ఈ వారం ఈ పుస్తకాల సంగతి సంఘాలతో మాట్లాడాలని అనుకుంటున్నాము. ఇది లోకంలోని ఏదో దుకాణం గొడవ అని దాటిపోవడానికి వీలు లేదు. ఆ దుకాణంలో మన వాటా కూడా ఉంది.

మేలును మేలనే చెప్పాలి

ముందుగా న్యాయంగా ఒక మాట. తెలుగులో వ్యక్తిత్వ వికాస పుస్తకాలు చేసిన మేలు తక్కువది కాదు. యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు' చదివి, ఊరి బడి నుంచి పట్నానికి వెళ్లి నలుగురిలో నోరు విప్పగలిగినవారు మన సంఘాల్లోనే ఉన్నారు. మెజీషియన్‌గా, హిప్నాటిస్టుగా పేరొందిన బి.వి. పట్టాభిరాం పుస్తకాలు, ఉపన్యాసాలు ఎందరో విద్యార్థులకు పరీక్ష భయం పోగొట్టాయి. తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో దారి చెప్పేవారు లేని మొదటి తరం పిల్లలకు ఆ పుస్తకాలే అన్నలా, మాస్టారులా నిలబడ్డాయి. సమయాన్ని ఎలా వాడుకోవాలి, ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, ఓడిపోయినప్పుడు మళ్లీ ఎలా మొదలుపెట్టాలి అనేవి పనికివచ్చే విద్యలే. సామెతల గ్రంథంలో సోమరికి చీమను చూపించి బుద్ధి చెప్పిన దేవుని వాక్యం అలాంటి విద్యను ఎన్నడూ చిన్నచూపు చూడలేదు.

చిక్కు మరోచోట ఉంది. ఒక పని నేర్పే పుస్తకం వేరు, సంతోషాన్నే చేతిలో పెడతానని మాట ఇచ్చే పుస్తకం వేరు. మనసులో గట్టిగా అనుకుంటే లోకమే నీవైపు కదిలి వస్తుందనే పుస్తకాలు ఈ రెండో రకానివి. వాటిలో లోకమంతటా పేరు మోసినది రోండా బర్న్ 2006లో వెలువరించిన 'ది సీక్రెట్'. దాని సారం ఇంతే. నీ తలంపులు అయస్కాంతం లాంటివి, మంచి తలచుకుంటే మంచి, చెడు తలచుకుంటే చెడు నీ దగ్గరకు వస్తుంది. వినడానికి తియ్యగా ఉంటుంది. తిరగేసి చూడండి. నీకు చెడు జరిగిందంటే నీవు చెడు తలచుకున్నావన్నమాట! యోబు స్నేహితులు బూడిదలో కూర్చున్న మనిషితో చెప్పినది దీనికి దగ్గరి మాటే. చివరికి దేవుడు తప్పుపట్టింది యోబును కాదు, ఆ స్నేహితులను.

పుస్తకంలో లేని జగిత్యాల

మన తమ్ముడి సంగతికే వద్దాం. అతడు గ్రూప్-1 పరీక్షకు చదివినవాడు. 2022 అక్టోబరులో ప్రిలిమ్స్ రాశాడు. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశాడు. సెప్టెంబరులో హైకోర్టు ఉత్తర్వుతో అదీ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చి, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్ జరిగింది. ఈలోగా గది అద్దె, మెస్ బిల్లు, ఇంటి దగ్గర అప్పు మీద వడ్డీ ఆగలేదు. ఆ రెండేళ్లూ అతడు పొద్దున్నే లేచి అద్దం ముందు నిలబడి తాను విజేతనని చెప్పుకుంటూనే ఉన్నాడు. లీకైన ప్రశ్నపత్రానికి అతని తలంపులు ఏ విధంగా కారణం? రద్దయిన పరీక్షకు తన విశ్వాస లోపమే కారణమని ఒక పిల్లవాడు నమ్మేలా చేసిన బోధను మంచి బోధ అనగలమా?

ఉత్తర తెలంగాణలో ఏ ఇంటి తలుపు తట్టినా ఇలాంటి ప్రశ్నే ఎదురవుతుంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఎన్నో ఇళ్లలో మగవారు దుబాయిలోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉంటారు. ఆడవారు చాటలో తునికాకు పెట్టుకుని బీడీలు చుడుతూ ఇల్లు నడుపుతారు. వరి కోసి కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసిన రైతు మబ్బు పట్టిన ఆకాశాన్ని చూస్తూ టార్పాలిన్ కోసం పరుగెత్తుతాడు. ధాన్యం తడిస్తే, తరుగు పేరుతో తూకంలో కోత పెడితే, అతని దిగులును ప్రతికూల ఆలోచన అనగలమా? అది ఉన్న పరిస్థితిని ఉన్నట్టు చూడటమే. ఒక తల్లి మాతో అన్నది: "సంతోషం సంగతి తర్వాత అయ్యగారూ. నా కొడుకు పది రోజుల సంది ఫోన్ లేపుతలేడు. ఒక్కసారి లేపితే సాలు." ఆ తల్లికి చిరునవ్వు సాధన నేర్పించడానికి ఏ పుస్తకానికి నోరు వస్తుంది?

ఈ పుస్తకాల్లో మనిషి ఒంటరిగా ఉంటాడు. అతనికి ఊరు లేదు, కులం లేదు, అప్పు లేదు, గల్ఫ్ వీసా లేదు, వాన లేదు. ఉన్నదల్లా అతని మనసు, దాన్ని దిద్దుకునే పద్ధతి. కనుక ఏది జరిగినా లెక్క అతని మనసు మీదే పడుతుంది. పుస్తకం చదివినవాడు నిరాశపడటానికి మొదటి కారణం ఇదే.

వెంటాడితే దొరకనిది

రెండో కారణాన్ని మనస్తత్వ శాస్త్రమే చెబుతోంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన జోఆన్ వుడ్, ఆమె సహచరులు 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. తాను ప్రేమకు తగిన మనిషినని పదేపదే చెప్పుకొమ్మని కొందరిని అడిగారు. తమ మీద తమకు ఇప్పటికే మంచి అభిప్రాయం ఉన్నవారికి అది కొద్దిగా మేలు చేసింది. తమను తాము తక్కువగా చూసుకునేవారికి మాత్రం మునుపటికంటే మనసు కుంగింది. అంటే ఎవరికి అవసరమని మందు తయారు చేశారో వారికే అది వికటించింది. నోరు ఒకటి చెబుతుంటే లోపల మనసు కాదంటూ ఉంటుంది, ఆ రెండింటి మధ్య మనిషి నలిగిపోతాడు.

ఐరిస్ మాస్, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన మరో అధ్యయనం ఇంకో సంగతి చూపించింది. సంతోషంగా ఉండటం ఎంత ముఖ్యమో చెప్పే వ్యాసాన్ని ముందుగా కొందరితో చదివించి, ఆ తరువాత ఒక సంతోషకరమైన సినిమా భాగం చూపించారు. ఆ వ్యాసం చదవనివారికంటే చదివినవారే తక్కువ ఆనందించారు. ఇంత మంచి దృశ్యం చూస్తూ కూడా నాకు చాలినంత సంతోషం కలగడం లేదేమిటని వారు తమను తామే కొలుచుకుంటూ కూర్చున్నారు. పెళ్లి విందులో కూర్చుని అన్నం తినకుండా నాడి పట్టుకుని చూసుకునేవానిలాంటి స్థితి ఇది.

మూడువేల సంవత్సరాల క్రిందటి యెరూషలేము రాజు జీవితాన్ని మన కళ్ల ముందు పెట్టే ప్రసంగి గ్రంథం ఈ ప్రయోగాన్ని ఎప్పుడో చేసి చూసింది. రెండవ అధ్యాయం తెరిచి చదవండి. నవ్వు, ద్రాక్షారసం, ఇళ్లు, తోటలు, చెరువులు, వెండి బంగారాలు, గాయకులు, అన్నీ పరీక్షించి చూశాడు. చివరికి గాలిని పట్టుకోబోయినట్టుందని తేల్చాడు. గ్రంథం చివరలో, పుస్తకాలు రాస్తూ పోతే వాటికి అంతం ఉండదని కూడా హెచ్చరించాడు. ఈనాటి పుస్తకాల దుకాణంలో నిలబడితే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. మొదటి పుస్తకం పని చేయలేదు కనుకనే రెండోది అమ్ముడుపోతుంది.

ఈ విత్తనం ఎక్కడిది?

ఇక్కడ మన వైపు వేలు చూపుకోవాలి. 1952లో అమెరికాలో వెలువడి లక్షలాదిగా అమ్ముడైన 'ది పవర్ ఆఫ్ పాజిటివ్ థింకింగ్' రచయిత నార్మన్ విన్సెంట్ పీల్ ఎవరు? న్యూయార్క్‌లో ఒక పెద్ద సంఘానికి యాభై ఏళ్లకు పైగా కాపరి. 'ది సీక్రెట్' చెప్పే మూడు మెట్లు, అడగడం, నమ్మడం, పొందడం, ఎక్కడివి? కొత్త నిబంధన నుంచే తీసుకున్నామని ఆ పుస్తకమే చెబుతుంది. ప్రభువు ప్రార్థన గురించి చెప్పిన మాటలోంచి ప్రభువును తీసేసి, మాటను మాత్రం ఉంచుకున్నారు. అలా తీసివేయడానికి వీలుగా దాన్ని ముందే వదులు చేసింది మన ప్రసంగ పీఠాలే.

అడిగి, నమ్మి, పొందడమే సూత్రమైతే గెత్సేమనేను ఏమి చేద్దాం? అక్కడ దేవుని కుమారుడే అడిగాడు. ఆయన నమ్మకంలో లోటుందని ఎవరు అనగలరు? గిన్నె తొలగలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయుమని ముమ్మారు వేడుకున్నాడు. ముల్లు ఉండిపోయింది, కృప మాత్రం ఇవ్వబడింది. ఈ రెండు చోట్లా ఆగకుండా పరుగెత్తే బోధ సువార్త కాదు.

కేట్ బౌలర్ అనే అమెరికాలోని సంఘ చరిత్ర అధ్యాపకురాలు ఐశ్వర్య సువార్త చరిత్రను 2013లో గ్రంథంగా రాశారు. రెండేళ్ల తరువాత, 35 ఏళ్ల వయసులో, ఇంట్లో చిన్నబిడ్డ ఉండగా, ఆమెకు నాలుగో దశ క్యాన్సర్ అని తేలింది. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని ఓదార్చేవారి మాటలు తనను ఎంతగా గాయపరిచాయో ఆమె 2018లో మరో పుస్తకంలో రాశారు. విశ్వాసాన్ని ఆమె విడిచిపెట్టలేదు. సూత్రాన్ని విడిచిపెట్టారు.

మేమూ మా తప్పు ఒప్పుకోవాలి. ఈ పత్రికలో 'సంతోష జీవితానికి ఏడు సూత్రాలు' వంటి శీర్షికలతో మేము వ్యాసాలు వేసిన వారాలు ఉన్నాయి. వాటిని ఎక్కువమంది చదివారని మురిసిపోయాము కూడా. జనవరి 1 ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల పెట్టెలో చేయి పెట్టి చూడండి. దీవెన, హెచ్చింపు, విజయం, ఇవే ఉంటాయి. 88వ కీర్తనలోని మాట ఒక్కటైనా ఎప్పుడైనా ఎవరికైనా వచ్చిందా? సాక్ష్యాల సమయంలో లేచి నిలబడేది ఉద్యోగం వచ్చినవారు, వీసా వచ్చినవారు, బిడ్డ పుట్టినవారు. ఉద్యోగం రానివారు, వీసా మోసంలో డబ్బు పోగొట్టుకున్నవారు, ఒడి నిండనివారు వెనక వరుసలో తల వంచుకుని చప్పట్లు కొడతారు. పుస్తకం చెప్పిన మాటే సంఘం కూడా చెబితే వారు ఎక్కడికి వెళ్లాలి?

వాక్యం చెప్పే సంతోషం

అయితే లేఖనం సంతోషం వద్దన్నదా? కాదు. కొండమీది ప్రసంగం మొదలయ్యేదే ధన్యతలతో. గ్రీకులో ఆ మాట 'మకారియోస్'. కొన్ని భాషల అనువాదాల్లో దాన్ని సంతోషవంతులు అని పెట్టారు. మన తెలుగు బైబిలు 'ధన్యులు' అన్నది, అది మనకు కలిగిన మేలు. ధన్యత అనేది మన మనసు ఈ పూట ఎలా ఉందో చెప్పే మాట కాదు, దేవుడు మనవైపు ఎలా ఉన్నాడో చెప్పే మాట. అందుకే ఆత్మవిషయంలో దీనులైనవారిని, దుఃఖపడేవారిని, నీతి కోసం ఆకలిగొన్నవారిని ప్రభువు ఆ మాటతో పిలువగలిగాడు. కన్నీళ్లు తుడుచుకుని రమ్మని ఆయన షరతు పెట్టలేదు.

కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనలలో దాదాపు మూడవ వంతు విలాపాలని పండితులు లెక్కిస్తారు. వాటిలో చాలావరకు మొరతో మొదలై స్తుతితో ముగుస్తాయి. 88వ కీర్తన మాత్రం చీకటిలోనే ముగుస్తుంది. దాన్ని చక్కదిద్దుదామని పరిశుద్ధాత్మ దేవుడు చివర ఒక మంచి వాక్యం చేర్పించలేదు. దేవుని ప్రజల పాటల పుస్తకంలో ఆ చీకటికీ చోటిచ్చాడు.

సంతోషం గురించి మనం ఎక్కువగా చదివే ఫిలిప్పీ పత్రికను మళ్లీ చూద్దాం. నాలుగే అధ్యాయాల ఆ పత్రికలో సంతోషం, ఆనందం అనే మాటలు పదే పదే వస్తాయి. రాసినవాడు సంకెళ్లలో ఉన్నాడు. అదే పత్రికలో, ఎపఫ్రొదితు చనిపోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగి ఉండేదని దాచుకోకుండా చెబుతాడు. అంటే ఆయన సంతోషం దుఃఖాన్ని తరిమివేసిన సంతోషం కాదు, దుఃఖం పక్కనే కూర్చోగలిగిన సంతోషం. సమస్తమును చేయగలనన్న ఆయన మాటను మనం పోస్టర్ల మీద, కారు అద్దాల మీద వేసుకుంటాము. దాని ముందు వాక్యంలో ఉన్నది ఆకలి, లేమి. దాని తరువాతి వాక్యంలో ఉన్నది తన శ్రమలో పాలుపంచుకున్న ఫిలిప్పీ సంఘానికి కృతజ్ఞత. ఒంటరిగా అద్దం ముందు నిలబడి సాధించిన సంతృప్తి కాదది. సంఘం పంపిన మనిషి, సంఘం పంపిన సాయం దాని వెనుక ఉన్నాయి.

ఈ మధ్య లోకం కూడా ఆ వైపే చూస్తోంది. 2012 నుంచి వెలువడుతున్న ప్రపంచ సంతోష నివేదికలో మన దేశం 2025లో 147 దేశాలలో 118వ స్థానంలో ఉంది. సున్నా నుంచి పది మెట్లున్న నిచ్చెన మీద మీ జీవితం ఏ మెట్టు దగ్గర ఉందని జనాన్ని అడిగి ఈ లెక్క కడతారు. ర్యాంకుల గురించి వాదించుకోవచ్చు. ఆ నివేదిక ఎత్తి చూపిన రెండు సంగతులు మాత్రం సంఘాలు గుర్తుంచుకోదగినవి. ఇతరులతో కలిసి భోజనం చేసేవారు తమ జీవితంతో ఎక్కువ తృప్తిగా ఉన్నారు. పర్సు పోతే దొరికినవారు తిరిగి ఇస్తారని తన ఊరి మనుషుల మీద నమ్మకం ఉన్నవాడు ఆ నమ్మకం లేనివానికంటే సంతోషంగా ఉన్నాడు. రొట్టె విరవడం, ప్రేమవిందు, ఒకరి భారం ఒకరు మోయడం మనకు కొత్తవి కావు. మనం మరచిపోయినవి.

సంఘం ఏమి చేయాలి?

గోదావరి గట్టున ధర్మపురిలో ప్రతి ఉదయం ఒక దృశ్యం కనిపిస్తుంది. దూరపు ఊళ్ల నుంచి మనుషులు చనిపోయినవారి అస్థికలు తీసుకుని వస్తారు. వారి విశ్వాసం మన విశ్వాసం వేరు. అయినా వారిని చూసి మేము నేర్చుకున్నది ఒకటుంది. అక్కడ ఏడ్చేవారిని నవ్వమని ఎవరూ అనరు. వెంట వచ్చినవారు పక్కన నిలబడతారు, తువ్వాలు అందిస్తారు, తిరుగు ప్రయాణంలో టీ తాగిస్తారు. దుఃఖానికి ఆ గట్టు మీద చోటుంది. ప్రభువు బల్ల చుట్టూ కూడుకునే మన దగ్గర అంతకంటే తక్కువ చోటు ఉండవచ్చునా?

కాపరులకు, పెద్దలకు మా మనవి కొన్ని మాటలే. ఆ పుస్తకాలు కొన్న పిల్లలను గద్దించవద్దు, పుస్తకాలు తగలబెట్టించవద్దు. వారు ఏ బాధతో వాటిని కొన్నారో అడగండి. సాక్ష్యాల సమయంలో ఇంకా జవాబు రానివారికీ నిలబడే అవకాశం ఇవ్వండి. ఇంకా కనిపెడుతున్నాను, ప్రార్థించండి అన్న ఒక్క మాట కూడా సాక్ష్యమే. నెలకొకసారైనా విలాప కీర్తన ఒకటి ఆరాధనలో చదివించండి. పరీక్ష ఫలితాలు వచ్చే వారంలో, ధాన్యం తడిసిన వారంలో, గల్ఫ్ నుంచి శవపేటిక వచ్చిన వారంలో ప్రసంగం కంటే ముందు ఇంటి సందర్శనం జరగాలి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించిన 5 లక్షల రూపాయల సాయం కోసం దరఖాస్తు నింపి పెట్టడం కూడా పరిచర్యే.

మరొక్క మాట, ఇది అత్యవసరమైనది. అన్ని కుంగుబాట్లూ ప్రార్థన కొరత వల్ల వచ్చేవి కావు. 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. బ్రతకాలని లేదని ఎవరైనా అంటే విశ్వాసం పెంచుకొమ్మని చెప్పి పంపవద్దు. ఒంటరిగా వదలవద్దు. వైద్యుని దగ్గరకు వెంట వెళ్లండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ నంబరు 14416 ఏ వేళనైనా పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు మీ మందిరం నోటీసు బోర్డు మీద ఉండనివ్వండి. బదరీ వృక్షం క్రింద చావు కోరుకున్న ఏలీయాకు దేవుడు ముందుగా పంపింది ప్రసంగం కాదు. రొట్టె, నీళ్లు, నిద్ర.

ఆ తమ్ముడి పుస్తకాలు ఇంకా మా బల్ల మీదే ఉన్నాయి. అతడు వెళ్లేటప్పుడు మేము ఏ పుస్తకమూ చేతిలో పెట్టలేదు. నీ నమ్మకంలో లోటు లేదు బాబూ, నీకు జరిగినది అన్యాయం అని మాత్రం చెప్పాము. అతడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కళ్లు తుడుచుకుని, ఆకలైతుందన్నాడు. ఇద్దరం కలిసి భోజనం చేశాము. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆరాధన తరువాత అతని కోసం ఒక కంచం పెడుతున్నారు, అతనిలాంటి మరో ముగ్గురు కూడా వస్తున్నారు. వారి ఉద్యోగాల కోసం ప్రార్థిస్తూనే ఉన్నాము. జవాబు ఇంకా రాలేదు. మీరు కూడా ప్రార్థించండి.